కచేరి కొలువు – దాని నిలుకడ



హైదరాబాదు నగరమున నాంపల్లికి చేరువగా ఆబిడ్సు అను వాడ గలదు. ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాను కొలువున నుండిన ఆల్బర్టు ఆబిడ్ అను ఆర్మీనియా జాతీయుని అంగడివలన దాని కాపేరు వచ్చినది. ప్రభువునకు దయ గలిగెనేని పరిచారకుని పేర వాడయే వెలయును. దయ తప్పెనేని కొలువు పోవును. కారణ మడుగుటకు చోటు లేదు. రాజులనాటి తీరు అట్టిది.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఈ తీరును మార్చినది. సామాన్యముగా నేరము తెలిపి, విచారించి, సమాధానము వినినగాని ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదని 311వ అధికరణము విధించినది. కావున సర్కారు కొలువు చెక్కుచెదరనిదని మన పల్లెలయందు నమ్మకము కుదిరెను. పొలమమ్మియైనను బిడ్డలను చదివించుట యందులకే.

ఆ నమ్మకమునకు 1983లో దెబ్బ తగిలెను. ఆ జనవరిలో ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము, ఫిబ్రవరిలో ఉద్యోగ విరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గించెను. 1979లో దానిని 55 నుండి 58కి పెంచినదియు ప్రభుత్వమే. చదివి పనిలేక యున్న యువకులకు చోటు కల్పించుట ఉద్దేశమని చెప్పిరి. దానివలన 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులును, 10,000 మందికి పైగా ప్రభుత్వరంగ సంస్థలవారును కొలువు విడువవలసివచ్చెను.

వారియందు నేరము లేదు, విచారణయు లేదు. ఏలయన, ఇది తొలగింపు గాదు, విరమణ. 311వ అధికరణ మిచట అక్కఱకు రాలేదు. ఆబిడ్సు, నాంపల్లి కచేరులలో 55 నిండినవారు బల్లవిడిచి లేచిపోవుచుండగా, ప్రక్కనున్న 54 ఏండ్లవారు తమ పుట్టినదినమును లెక్కించుకొనవలసిన కాలమది. కూతురి పెండ్లికో, ఇంటి అప్పునకో నమ్ముకొనిన మూడేండ్ల జీతము ఒక్క ఉత్తరువుతో పోయెను.

1984 జనవరిలో మన గ్రామములలోని కరణము, మునసబు పదవులును రద్దయ్యెను. తరతరములుగా లెక్కలు వ్రాసిన కుటుంబములకు ఆ దెబ్బ ఎట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ యేడే ఆగస్టు 16వ తేదీన గవర్నరు రామారావుగారినే పదవినుండి తొలగించిరి! నెలకు ఆయన మరల వచ్చిరి. ఆ నడుమ ఆగస్టు 23న విరమణ వయస్సు మరల 58 అయ్యెను. కాని అదివఱకే వెడలినవారికి ఆ మేలు లేదనిరి.

1985 జనవరిలో సుప్రీంకోర్టు, వయస్సు తగ్గించుట ప్రభుత్వమునకు చెల్లునని తీర్పు చెప్పెను. అయినను అదే యేడు ఆగస్టులో న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డిగారు, వెడలినవారిని మాత్రము వేఱుచేయుట అన్యాయమనిరి. 58 నిండనివారు మరల కొలువున చేరుటకు ఆ తీర్పు దారి తీసెను.

దీనివలన తెలియున దేమి? రాజులనాడు కొలువు ప్రభువు దయపై నిలిచెను. నేడు నిబంధనపై నిలిచినది. నిబంధన దయకంటె మేలు. న్యాయస్థానమున దానిని చూపి అడుగవచ్చును. కాని అదియు మాఱును. కావున పొలము పత్రములను చదివినంత శ్రద్ధతో కొలువు నిబంధనలను చదువుమని పట్టణమునకు పోవు బిడ్డలకు చెప్పుడు. ప్రక్కవాని కొలువు పోవునపుడు ఊరకుండవలదనియు చెప్పుడు.