మందు అను మాట

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో ‘మందు’ అను మాటకు మూడర్థములు కలవు. వైద్యుడిచ్చునది మందు. పత్తి, మిరప చేలపై పురుగునకు కొట్టునది మందు. సాయంకాలము దుకాణమున త్రాగునదియు మందే. ఈ మూడవ మందు మన నాట చిరకాలముగా రాజకీయమై ఉన్నది. 1948 అక్టోబరు 2వ తేదీ నుండి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధము అమలైనది. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ నిషేధపు తగవులోనే ఒక్క వోటు తేడాతో పడిపోయినది. పిమ్మట కొంతకాలమునకు నిషేధము సడలినది.

ఇన్నేండ్లలో మద్యమును గూర్చిన వాదము సాధారణముగా రెండు త్రోవలనే నడిచినది. ఒకటి నీతి, రెండవది ఖజానా. త్రాగువాడు చెడ్డవాడని కొందరన్నారు. త్రాగుడు లేనిదే రాబడి లేదని కొందరన్నారు. అతడు ఎందుకు త్రాగుచున్నాడని అడిగినవారు తక్కువ.

నల్లరేగడి నేలలో ఆ ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది. 1970ల తరువాత ఇచ్చట పత్తిసాగు విస్తరించినది. 1980ల తొలి సంవత్సరములలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అను క్రొత్త పురుగుమందులు వచ్చినవి. మొదట అవి అద్భుతముగా పనిచేసినవి. రైతు మరింత కొట్టినాడు. దశాబ్దము నడుమ తెల్లదోమ విజృంభించినది. 1987–88లో పచ్చపురుగు ఏ మందునకును లొంగక కాయలను తొలిచివేసినది. ఆ పురుగు మందులకు తట్టుకొను శక్తిని సంపాదించుకొన్నదని శాస్త్రజ్ఞులు తరువాత పరీక్షించి తేల్చినారు. మందు అప్పుపై ఇచ్చిన వర్తకుడే పంట కొనువాడు కూడ అయినచోట రైతునకు ఊపిరి తిరుగు సందు లేకపోయినది. ఈ రెండు జిల్లాలలో ఆ సంవత్సరము పత్తి రైతులు కొందరు ప్రాణములు తీసికొన్నారు. చేను పోయినపుడు రైతు ఒక్కడే కూలడు. కౌలుదారు, పత్తి తీయు కూలి స్త్రీ, కాటా వద్ద బస్తాలు మోయువాడు, అందరికిని ఆ దెబ్బ తగులును.

సారా త్రాగినవారందరును పత్తి పోయినవారని మేము అనుట లేదు. అలవాటు, సావాసము, చేతికందు దూరములో దుకాణము, ఇవియు కారణములే. అయితే పెద్ద దెబ్బ తగిలిన మనసు స్థితిని వైద్యులు ఇట్లు వివరింతురు: నిద్ర పట్టదు, జరిగినదే మరల మరల కండ్ల ముందు ఆడును, చిన్న చప్పుడునకే గుండె అదరును. మద్యము కొన్ని గంటలు ఆ అలజడిని అణచును. మత్తు దిగిన వెనుక అలజడి రెట్టింపై వచ్చును. దానిని అణచుటకు మరల మద్యమే కావలెను. ఇట్టివానికి అది విలాసము కాదు, తనకు తానే చేసికొనుచున్న తప్పుడు వైద్యము. పల్లెవారు దానిని మందు అన్నది ఎగతాళికే కావచ్చును. మాట మాత్రము గురికి తగిలినది.

అప్పటి ప్రభుత్వములు ఆ మందును ఊరూరికి చేర్చినవి. 1980లలో వారుణి వాహిని పథకము క్రింద సారా ప్లాస్టిక్ పొట్లములలో సరఫరా అయినది. 1970–71లో సుమారు 39 కోట్ల రూపాయలుగా ఉన్న అబ్కారీ రాబడి 1991–92 నాటికి 800 కోట్లు దాటినది.

ప్రకాశం జిల్లాకు దక్షిణమున నెల్లూరు జిల్లా దూబగుంట కలదు. రాత్రిబడిలో చదువు నేర్చుకొనుచున్న అచ్చటి స్త్రీలు 1992లో సారా దుకాణము మూయించినారు. రోశమ్మగారి పేరు అప్పుడే రాష్ట్రమంతటా తెలిసినది. స్త్రీలు గుంపులుగా వచ్చి సారా పాటలను అడ్డగించినారు. ఉద్యమము పొరుగు జిల్లాలకు ప్రాకినది. వారు కూలిడబ్బును గురించి, వీపుమీది దెబ్బలను గురించి మాటాడినారు. అది నీతి వాదమును కాదు, ఖజానా వాదమును కాదు. చీకటిపడి తలుపు చప్పుడైనపుడు బిడ్డలు మంచము క్రింద దూరుట వారు ప్రతిదినము చూచినదే.

ఆ బిడ్డలను గురించి వైద్యశాస్త్రము కొంత ఆలస్యముగా మేల్కొన్నది. 1998లో అమెరికాలోని శాన్ డియాగో నగరమున తొమ్మిదివేలమందికి పైగా పెద్దలను వారి బాల్యమును గూర్చి ప్రశ్నించి ఒక పరిశోధన ప్రకటించినారు. ఇంటిలో త్రాగుబోతు ఉండుట, తల్లి దెబ్బలు తినుట, తాము హింసకు గురియగుట వంటి కష్టములలో నాలుగు రకములైనను అనుభవించినవారికి, ఏదియు లేనివారికంటె త్రాగుడునకు, మత్తుపదార్థములకు, మనోవ్యాధులకు లోనగు అపాయము నాలుగు నుండి పన్నెండు రెట్లు అధికమని తేలినది. అనగా తండ్రి గాయము సారాలోనికి పోయి, ఆ సారా బిడ్డకు గాయమై తిరిగి వచ్చుచున్నది. దూబగుంట స్త్రీలు మూయించినది దుకాణమే అయినను, అడ్డగించినది ఈ రాకపోకలను.

1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది ఎత్తివేయబడినది. ఆనాడు మంచము క్రింద దూరిన బిడ్డలు నేడు నలుబది ఏండ్లకు అటు ఇటుగా ఉన్నారు. వారిలో ఎవరైనను త్రాగుడు మానిపించు వైద్యుని వద్దకు పోయినచో, దినమునకు ఎంత త్రాగుదువని అడిగిన తరువాత ఆయన వేయవలసిన ప్రశ్న మరియొకటి ఉన్నది: చిన్నతనమున మీ ఇంట ఎవరు త్రాగెడివారు?