వార్డుకే వచ్చిన టీకా

1993-94 చలికాలంలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరాన్ని ఫ్లూ గట్టిగా తాకింది. సీజన్‌కు ముందొకసారి, ముగిశాక ఇంకొకసారి అక్కడి ఆసుపత్రుల సిబ్బంది రక్తం తీసి, అందులోని యాంటీబాడీలను పరిశోధకులు పోల్చి చూశారు. 518 మందిలో 120 మందికి, అంటే దాదాపు నలుగురిలో ఒకరికి, ఆ శీతకాలంలో వైరస్ సోకినట్టు తేలింది. అసలు సంగతి ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది. సోకినవాళ్లలో 59 శాతం మందికి తమకు ఫ్లూ వచ్చినట్టే గుర్తులేదు. 28 శాతం మందికైతే ఆ కాలంలో జలుబో దగ్గో వచ్చినట్టు కూడా గుర్తులేదు. జ్ఞాపకం ఎప్పుడూ పూర్తి సాక్ష్యం కాదు, నిజమే. అయినా వాళ్లలో చాలామంది మామూలుగానే డ్యూటీకి వచ్చి, ముసలివాళ్ల మంచాల మీదికి వంగి బీపీ చూసి ఉంటారని ఊహించడానికి పెద్దగా శ్రమపడనక్కర్లేదు. ఆసుపత్రి సిబ్బందికి ఏటా ఫ్లూ టీకా వేయించే ప్రయత్నాలకు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. దాన్ని సాధారణంగా సిబ్బంది అపోహల కథగా, వాటిని తొలగించిన ప్రచారాల కథగా చెబుతుంటారు. ఆధారాలు చూస్తే నాకు వేరే కథ కనిపిస్తుంది. నర్సుల మనసు మార్చడమే పని అనుకున్నన్నాళ్లూ అంకెలు నత్తనడక నడిచాయి. టీకా అందించడం తన పని అని ఆసుపత్రి ఒప్పుకున్నాకే వేగం పుంజుకున్నాయి.

ఫ్లూ వైరస్‌ను మనిషి నుంచి మొదట వేరుచేసింది 1933లో, లండన్‌లో, విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా అనే ముగ్గురు. వాళ్ల ప్రయోగాలకు ఆధారం ఫెర్రెట్ అనే చిన్న జంతువు. కొద్ది ఏళ్లకే, జబ్బుపడ్డ ఫెర్రెట్ ఒకటి చార్లెస్ స్టూవర్ట్-హారిస్ అనే యువ వైద్యుడి మీద తుమ్మింది. ఆయన ఫ్లూతో పడ్డాడు, ఆయన నుంచి వైరస్‌ను మళ్లీ వేరుచేశారు. పనిచేసేచోట ఫ్లూ అంటుకుంటుందనడానికి ఇంతకన్నా సూటి రుజువు దొరకదు. టీకా మాత్రం సైన్యంలో పెరిగింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో థామస్ ఫ్రాన్సిస్, తర్వాత పోలియో టీకాతో పేరు మోసిన జోనాస్ సాక్ కలిసి దాన్ని అమెరికా సైనికుల మీద పరీక్షించారు. 1945లో పౌరులకూ అనుమతి వచ్చింది. సైన్యంలో టీకా అంటే ఆజ్ఞ, వరుసలో నిలబడి చేయి చాపడమే. అదే టీకా ఆసుపత్రిలోకి వచ్చేసరికి సలహా అయింది. 1960లో అమెరికా ప్రజారోగ్య శాఖ దాన్ని వృద్ధులకు, దీర్ఘరోగులకు, గర్భిణులకు సిఫారసు చేసింది. వైద్య సిబ్బందికి స్పష్టమైన సిఫారసు 1980ల్లో గాని రాలేదు. వచ్చినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1989లో అమెరికా వైద్య సిబ్బందిలో టీకా వేయించుకున్నవాళ్లు పది శాతం. 2002 నాటికి 38 శాతం. పోస్టర్లూ ఉపన్యాసాలూ కరపత్రాలూ కలిసి పదమూడేళ్లలో సాధించింది అంతే.

వేయించుకోని వాళ్లు తెలివితక్కువ వాళ్లా? అలా అనుకున్న అధికారులు లేకపోలేదు. కానీ నర్సుకు అనుమానించడానికి కారణాలున్నాయి. 1976లో ఫోర్ట్ డిక్స్ అనే సైనిక శిబిరంలో ఒక సైనికుడు స్వైన్ ఫ్లూతో చనిపోగా, అమెరికా ప్రభుత్వం దేశమంతటికీ టీకా వేయడానికి పూనుకుంది. నాలుగు కోట్లమందికి పైగా వేయించుకున్నారు. భయపడ్డ మహమ్మారి రాలేదు గాని, నరాలు చచ్చుబడే గిలియన్-బారీ జబ్బు లక్షకు ఒకరి చొప్పున ఎక్కువగా కనిపించింది. డిసెంబరులో కార్యక్రమం ఆపేశారు. ఇలాంటి సంగతి వార్డులో పనిచేసేవాళ్లకు పుకారు కాదు, నమోదైన చరిత్ర. పైగా ఫ్లూ టీకా తట్టు టీకాలా జీవితమంతా కాసేది కాదు. వైరస్ వేషం మార్చినప్పుడల్లా టీకా మారాలి, కొన్నేళ్లు జోడీ కుదరదు. టీకా వేసుకున్న వారానికి జలుబు చేసినవాళ్లు వార్డుకు ఇద్దరైనా ఉంటారు. సూదితో వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు గనుక ఆ జలుబు టీకా వల్ల రాదని చెప్పవచ్చు, చెప్పాలి కూడా. అలా చెప్పినంత మాత్రాన నైట్ డ్యూటీ దిగి బస్సు పట్టుకోవాల్సిన మనిషి టీకా గది వెతుక్కుంటూ ఇంకో భవనానికి వెళ్లదు. ఆ గది తెరిచేది పగలు, ఆమె పనిచేసేది రాత్రి. అపోహల మీద రాసిన సాహిత్యమంతా ఈ చిన్న సంగతిని తక్కువ అంచనా వేసింది.

టీకా వల్ల లాభం ఎవరికి? ఇక్కడ నిజాయితీ అవసరం. బాల్టిమోర్‌లోని రెండు పెద్ద బోధనాసుపత్రుల సిబ్బంది మీద 1990ల మొదట్లో మూడు చలికాలాలు జరిగిన ప్రయోగంలో కొందరికి ఫ్లూ టీకా, కొందరికి వేరే సూది ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారన్నది లాటరీ పద్ధతిన తేలింది. టీకా ఇన్‌ఫ్లుయెంజా-ఎ నుంచి 88 శాతం, బి నుంచి 89 శాతం రక్షణ ఇచ్చింది. చిన్న ప్రయోగం, టీకా బాగా కుదిరిన సంవత్సరాలు. ఏటా అంత రక్షణ ఆశించకూడదు. అయినా సిబ్బందికి మేలు జరుగుతుందనడంలో సందేహం లేదు. రోగులకు జరిగే మేలు దగ్గరే గొడవంతా. మళ్లీ స్కాట్లాండ్‌లోనే, వృద్ధులు ఎక్కువకాలం ఉండే 20 ఆసుపత్రుల్లో సగంచోట్ల సిబ్బందికి టీకా ఇవ్వజూపి, మిగతా సగంచోట్ల ఊరుకుని చూశారు. 2000లో వెలువడిన ఫలితం సంచలనం. టీకా ఇవ్వజూపినచోట 13.6 శాతం రోగులు చనిపోతే, రెండోచోట 22.4 శాతం. కానీ అదే పరిశోధనలో, రోగుల్లో వైరస్ ఎంతమందికి సోకిందని పరీక్షిస్తే రెండుచోట్లా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఫ్లూ తగ్గకుండా మరణాలు అంతగా ఎలా తగ్గాయి? వైద్య ఆధారాలను తూకం వేసే కోక్రేన్ సమీక్షలు ఈ తరహా పరిశోధనలను జల్లెడపట్టి, నిలబడే రుజువు లేదన్నాయి. 2017లో కెనడాకు చెందిన గాస్టన్ డి సెర్ర్, ఆయన సహచరులు లెక్కలు వేసి, ఆ ప్రయోగాలు చూపినంత లాభం సాధ్యమే కాదని వాదించారు.

ఈ అభ్యంతరానికి బలముంది. సిబ్బంది టీకాతో వార్డు మరణాలు సగానికి సగం తగ్గుతాయని చెప్పే పోస్టర్ ఈరోజు ఎవరైనా అంటిస్తే, దాన్ని ముందుగా చింపేది ఆ వార్డులో చదువుకున్న నర్సే, అదే సబబు. అయితే రుజువు బలహీనంగా ఉండటం వేరు, లాభం లేదని రుజువు కావడం వేరు. తనకు సోకినట్టు తెలియని ఉద్యోగి సంగతి గ్లాస్గో రక్త నమూనాలు చెప్పనే చెప్పాయి. రోగి పేరు పక్కనపెట్టినా, పనిలో ఎక్కువగా ఎదురయ్యే జబ్బు నుంచి ఉద్యోగిని కాపాడటం యాజమాన్యం బాధ్యత. చేతి తొడుగులు ఇచ్చేముందు, వాటివల్ల రోగుల మరణాలు ఎంత తగ్గాయని ఎవరూ అడగరు. కాబట్టి ఆధారం చాలదన్న వాదన టీకా ఇవ్వడానికి అడ్డు కాదు, బలవంతపెట్టడానికి అడ్డు.

బలవంతమూ ఈ చరిత్రలో భాగమే. సియాటెల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2005లో ఉద్యోగం కావాలంటే టీకా ఉండాలంది. మొదటి ఏడాదే 97.6 శాతం వేయించుకున్నారు. నర్సుల సంఘం మధ్యవర్తి దగ్గరికి వెళ్లి గెలిచింది, తమతో మాట్లాడకుండా షరతు పెట్టడం చెల్లదని. 2007లో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును సమర్థించింది. 2009లో హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) మహమ్మారి వేళ న్యూయార్క్ రాష్ట్రం అదే దారి పట్టి, కోర్టు నిలుపుదల, టీకా కొరత రెండూ ఎదురై వెనక్కి తగ్గింది. కెనడాలో టీకా లేదంటే చలికాలమంతా మాస్కు అన్న నిబంధన వచ్చింది. ఒంటారియో మధ్యవర్తులు 2015లో, మళ్లీ 2018లో దాన్ని కొట్టేశారు, ఆధారాలు చాలవనే కారణంతోనే. బలవంతం పనిచేయదని నేను అనను. సియాటెల్ అంకె కళ్లముందుంది. ప్రతి నియమమూ దాని వెనకున్న రుజువు మోయగలిగినంతే మోయాలి, ఇక్కడ రుజువు అంత మోయలేదు.

ఇంగ్లండ్ ఇంకో దారిలో పోయింది. 2010-11లో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులను నేరుగా చూసే సిబ్బందిలో 35 శాతమే టీకా వేయించుకున్నారు. తర్వాత టీకా పెట్టె తోపుడుబండి ఎక్కి వార్డులకు వచ్చింది, రాత్రి షిఫ్టుకు కూడా. వేసేది ఎక్కడో కూర్చున్న డాక్టరు కాదు, పక్క మంచం చూసుకునే తోటి నర్సు. 2016 నుంచి, 75 శాతం లక్ష్యం అందుకున్న ఆసుపత్రికి అదనపు నిధులు ఇచ్చారు. ఒత్తిడి ఉద్యోగి మీద కాక యాజమాన్యం మీద పడింది. 2015-16లో 51 శాతం ఉన్నది మరుసటి ఏడాదే 63 అయింది, 2019-20కి 74. ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఆ తర్వాతి పతనం అంతకన్నా ఆసక్తికరం. 2021 నవంబరులో వృద్ధాశ్రమాల సిబ్బందికి కోవిడ్ టీకా తప్పనిసరి చేశారు, ఆసుపత్రులకూ చేస్తామని ప్రకటించి 2022 జనవరి ఆఖరున విరమించుకున్నారు. 2022-23లో ఫ్లూ టీకా 50 శాతానికి, ఆపై ఏడాది 43 దగ్గరికి దిగింది. కారణం ఆ బెదిరింపు ఒక్కటే అనడం తొందరపాటు. వరుస టీకాలతో విసుగు, పనిభారం, జీతాల సమ్మెలు అన్నీ ఉన్నాయి. ఏదేమైనా, అపోహలు రెండేళ్లలో అమాంతం పెరిగిపోయాయని మాత్రం నేను నమ్మను. యాజమాన్యానికీ నర్సుకూ మధ్య ఇంకేదో చెడింది.

ఈ చర్చ మనకు దూరం కాదు. దేశంలో తొలి హెచ్1ఎన్1 కేసు నిర్ధారణ అయింది 2009 మేలో, హైదరాబాద్‌లో. మరుసటి ఏడాది ఆ వైరస్‌కు టీకా తయారుచేసిన దేశీ కంపెనీల్లో ఇక్కడి భారత్ బయోటెక్ ఒకటి. కేంద్రం వైద్య సిబ్బంది కోసమే దిగుమతి చేసుకున్న డోసులకు మాత్రం వాళ్లలో చాలామంది ముందుకు రాలేదు. ఫ్లూ టీకా మన సార్వత్రిక టీకాల పట్టికలో లేదు. సిబ్బందికి వేయాలని మార్గదర్శకాలున్నా, చాలాచోట్ల ఎవరి డబ్బులతో వాళ్లు వేయించుకోవలసిందే. కాలం కూడా వేరు. యూరప్‌లో అక్టోబరులో వేస్తే సరిపోతుంది. మనకు ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలి ముగిసే వేళ ఇంకోసారి తలెత్తుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకా కూర్పు ప్రకటిస్తుంది. అందులో ఏది తెప్పించాలి, జూన్ వానలకు ముందే వేయాలా అన్నది ఒక్క నర్సు తేల్చుకోగల విషయం కాదు, ఆసుపత్రి కమిటీ తేల్చాలి. ఇంకొకటి. మన ఆసుపత్రుల్లో మంచం దుప్పటి మార్చేదీ, స్ట్రెచర్ తోసేదీ, గేటు దగ్గర నిలబడేదీ చాలావరకు ఔట్‌సోర్సింగ్ మనుషులు. ఒకరోజు జ్వరమొచ్చి రాకపోతే ఆరోజు కూలి పోతుంది గనుక జ్వరంతోనే వస్తారు. వాళ్ల జీతం కాంట్రాక్టరు ఖాతాలోంచి వస్తుంది. టీకా జాబితా రాసేది ఆసుపత్రి ఉద్యోగుల రిజిస్టరు చూసి. ఆ రిజిస్టరులో వాళ్ల పేర్లు ఉండవు.