పరభాష - ప్రవేశార్హత: ఒక చారిత్రక పరిశీలన

2010 జూన్ నెలలో ఒక కౌలురైతు తన కొడుకును వెంటబెట్టుకొని మా యింటికి వచ్చాడు. అప్పటికి నేను గోదావరి ప్రాంతంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతున్నాను. కుర్రవాడు పదవతరగతి తెలుగు మాధ్యమంలో చదివి మంచి మార్కులతో ప్యాసయ్యాడు. "మేష్టారూ, కాలేజీవాళ్లు తెలుగు వద్దు, సంస్కృతం తీసుకోమంటున్నారండి. అది తీసుకుంటే ఇంజనీరింగు సీటు తేలిగ్గా వస్తుందంటండి. నిజమేనాండి?" అని అడిగాడు తండ్రి.

తెలుగు పంతులును పట్టుకొని తెలుగు మానమంటారా అని అడగడం చూసి నవ్వు వచ్చింది. కాని ఆ నవ్వును మింగి, "వాళ్లకు తెలియదా, వాళ్లు చెప్పినట్టే చెయ్యవయ్యా" అన్నాను. ఆ జవాబులో నా అజ్ఞానం కొంత, నా ఉద్యోగభయం కొంత ఉన్నవి. జీతం యిచ్చే యాజమాన్యమే పిల్లలను తెలుగు నుంచి మళ్లిస్తున్నప్పుడు నాబోటివాడు నోరు విప్పడం తేలిక కాదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. బడిలో ఒక పరాయి భాష చదివితే విశ్వవిద్యాలయం తలుపు తెరుచుకుంటుందా? సంస్కృతం మనకు పరాయిదా అని పండితులు నాపై కోపగించవచ్చు. ఆ కుర్రవాడి యింట్లో, వీధిలో, పొలంలో దాని పలుకు ఒక్కటీ లేదు. నా ప్రశ్నకు ఆ మాత్రం పరాయితనం చాలు.

ఈ ప్రశ్నకు జవాబు వెదకవలసిన చోటు మన కళాశాల ప్రాస్పెక్టస్ కాదు. ఈ పద్ధతి పుట్టి పెరిగి, నూరేళ్లకు పైగా తగవులాటలు చూచిన దేశం ఇంగ్లండు. అక్కడ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1822లో ఒక తొలిదశ పరీక్ష పెట్టారు. పిల్లలు దానిని వేళాకోళంగా "లిటిల్ గో" అనేవారు. అందులో ఒక లాటిన్ గ్రంథం, ఒక గ్రీకు గ్రంథం, గ్రీకులో ఒక సువార్త తప్పనిసరి. గణితం చదవదలచినవాడైనా, రసాయనశాస్త్రం చదవదలచినవాడైనా గ్రీకు గడప దాటవలసిందే. ఆక్స్‌ఫర్డులో దీనికి సమానమైన పరీక్ష పేరు "రెస్పాన్షన్స్".

గ్రీకు గొప్ప భాష కాదని నేననను. హోమరునూ, ఈస్కిలసునూ కన్న భాషను తక్కువ చేయడం ఏ అభ్యుదయవాదికీ శోభించదు. ఈస్కిలసును మార్క్సు ఎంత యిష్టంగా చదివేవాడో మన పాఠకులకు తెలుసు. అయితే లిటిల్ గో కోసం చదివినవారిలో ఎందరికి హోమరు అందాడు? నిర్ణీత గ్రంథానికి అచ్చయిన ఇంగ్లీషు అనువాదాన్ని కంఠతా పట్టి, గ్రీకు వాక్యంలో తెలిసిన రెండు మాటలు గుర్తుపట్టి, దాని ఎదుట అనువాదాన్ని అప్పజెప్పడం అక్కడ మామూలు విద్య అయిపోయింది. మన గైడుల సంస్కృతి ఏదో మన సొంత పాపమనుకొనేవారు ఈ సంగతి గమనించాలి.

మరి భాష నేర్పని ఆ పరీక్ష ఏం చేసినట్టు? దీనికి సమాధానం పాలకవర్గమే కాగితం మీద వ్రాసి పెట్టింది. 1864లో నియమితమై 1868లో నివేదిక యిచ్చిన టాంటన్ కమిషన్, ఇంగ్లండులోని మాధ్యమిక పాఠశాలలను మూడు శ్రేణులుగా విభజించింది. పద్దెనిమిదేళ్ల దాకా కొడుకును చదివించగలవారికి మొదటి శ్రేణి. అక్కడ లాటినూ గ్రీకూ ఉంటాయి, అక్కడినుంచి విశ్వవిద్యాలయానికి దారి. పదహారేళ్లకు చదువు ముగించేవారికి రెండో శ్రేణి. లాటిన్ ఉంటుంది, గ్రీకు ఉండదు. పద్నాలుగేళ్లకే పనిలో దిగవలసిన చిన్న కౌలుదార్ల, చిల్లర వర్తకుల, చేతిపనివాళ్ల బిడ్డలకు మూడో శ్రేణి. వారికి లాటినో ఫ్రెంచో ఏదో ఒకటి, అదీ ఓనమాల మట్టుకు. కూలివాడి బిడ్డ ఈ లెక్కలోకే రాడు. తండ్రి సంపాదననుబట్టి బిడ్డకు భాష కొలిచి పోసిన లెక్క యిది. ఇక విశ్వవిద్యాలయం ఎవరినీ "నీవు పేదవాడివి, రావద్దు" అనవలసిన అవసరం లేదు. "నీకు గ్రీకు వచ్చునా?" అని మర్యాదగా అడిగితే చాలు.

ఇక్కడ మరో సంగతి కూడా చెప్పాలి. 1871 వరకు ఆ రెండు విశ్వవిద్యాలయాలలోనూ మతపరమైన పరీక్షలుండేవి. ఆంగ్లికన్ చర్చికి చెందనివాడికి పదవులు లేవు. ఆ సంవత్సరం చట్టం చేసి వాటిని తొలగించారు. మతం గడియ తీసినా గ్రీకు గడియ అలాగే ఉండిపోయింది. 1891లోనూ, మళ్లీ 1905లోనూ కేంబ్రిడ్జిలో గ్రీకు నిర్బంధాన్ని సడలించబోతే ఓట్లలో వీగిపోయింది. ఊళ్లనుంచి వచ్చి వ్యతిరేకంగా ఓటు చేసిన పట్టభద్రులలో మతగురువులు చాలామంది. పాత గడియను కాపాడినవారే కొత్త గడియనూ కాపాడారంటే ఆశ్చర్యం లేదు.

స్త్రీల విషయం మరింత చిక్కు. ఆడపిల్లల బడులలో గ్రీకు చెప్పేవారు అరుదు. కేంబ్రిడ్జిలో గర్టన్ కళాశాల స్థాపించిన ఎమిలీ డేవిస్, తన విద్యార్థినులు మగవారు వ్రాసే లిటిల్ గోనే, గ్రీకుతో సహా, వ్రాయాలని పట్టుపట్టింది. న్యూన్‌హాం కళాశాలకు అండగా నిలిచిన హెన్రీ సిడ్జ్‌విక్ ఆ గ్రీకు నిర్బంధమే తప్పన్నాడు. వీరిద్దరిలో ఎవరిది అభ్యుదయ దృక్పథం? నేను చాలాకాలం సిడ్జ్‌విక్ పక్షాన ఉన్నాను. ఇప్పుడంత నిబ్బరంగా చెప్పలేను. తేలిక పరీక్ష పెడితే తేలిక డిగ్రీ అంటారని ఎమిలీ డేవిస్ భయపడింది, ఆ భయం ఉట్టిది కాదు. అన్ని పరీక్షలూ ప్యాసైనా కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి డిగ్రీ యిచ్చింది 1948లో.

అంటే భాష వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకోదన్న మాట. 1895లో వచ్చిన థామస్ హార్డీ నవల "జూడ్ ది అబ్‌స్క్యూర్" మన విద్యార్థులు చదవాలి. రొట్టెల బండి తోలుకుంటూ లాటినూ గ్రీకూ సొంతంగా నేర్చుకొన్న పల్లెటూరి కుర్రవాడు జూడ్. రాళ్లు చెక్కే పనివాడై ఆ విశ్వవిద్యాలయ పట్నం చేరుతాడు. కళాశాల పెద్దలకు ఉత్తరాలు వ్రాస్తే, నీ వృత్తిలోనే నీవుండడం మంచిదని ఒకడు సలహా యిస్తాడు. జూడ్ గ్రీకు నేర్చినా ఆ గ్రీకు నేర్పే బడినుంచి రాలేదు. అడిగింది భాషనైనా చూచింది బడిని.

చివరకు గ్రీకు నిర్బంధాన్ని కూల్చింది న్యాయబుద్ధి కాదు, మొదటి ప్రపంచయుద్ధం. జర్మనీ రసాయన పరిశ్రమ ముందు తమ శాస్త్రవిద్య వెనకబడిందని ఇంగ్లండు పాలకవర్గం గ్రహించింది. యుద్ధంనుంచి తిరిగివచ్చిన యువకులకు సీట్లు యివ్వాలి; విశ్వవిద్యాలయాల ఖజానాలు వట్టిపోయి ప్రభుత్వ ధనం కావలసివచ్చింది. కేంబ్రిడ్జి 1919లో, ఆక్స్‌ఫర్డు 1920లో గ్రీకు నిర్బంధాన్ని ఎత్తివేశాయి. స్త్రీలకు ఆక్స్‌ఫర్డు డిగ్రీలివ్వడం మొదలుపెట్టింది కూడా ఆ 1920లోనే. లాటిన్ మాత్రం మరో నలభై ఏళ్లు బ్రతికింది. అదీ 1960లో పోయింది, మళ్లీ సైన్సు విద్యార్థుల కోసమే.

తెల్లదొరలు యిదే త్రాసును మన దేశానికీ తెచ్చారు. భారత సివిల్ సర్వీసుకు 1855లో లండనులో జరిగిన మొదటి పోటీ పరీక్షలో గ్రీకుకు 750 మార్కులు, లాటిన్‌కు 750. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. ఏలబోయేది భారతదేశాన్ని, మార్కులు ఏథెన్సుకూ రోముకూ! 1844లో హార్డింజి ప్రభుత్వం ఇంగ్లీషు చదువుకొన్నవారికి ఉద్యోగాలలో ప్రాధాన్యమన్నది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది. ఆనాటినుంచి మన బిడ్డకు విశ్వవిద్యాలయ ద్వారం ఇంగ్లీషే. నైజాములో 1918లో స్థాపితమైన ఉస్మానియా కథ వేరు. విజ్ఞానశాస్త్రాలను ఒక భారతీయ భాషలో బోధించవచ్చునని నిరూపించిన గౌరవం దానికి దక్కాలి. కాని ఆ భాష ఉర్దూ. తెలంగాణా పల్లెలోని తెలుగు బిడ్డకు అదీ మరో గడియే అయింది. ఒకే సంస్థ ఒకరికి విముక్తి, పక్కవాడికి అడ్డంకి కావడం చరిత్రలో కొత్త కాదు.

ఇక్కడ మనం ఆత్మవిమర్శ చేసుకోవాలి. నిర్బంధాలు తొలగిస్తే పేదలకు మేలని నావంటివారు సూత్రంగా నమ్మాం. ఇంగ్లండు ప్రభుత్వం 2004లో, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు విదేశీభాష తప్పనిసరి కాదన్నది. ఏం జరిగింది? ప్రభుత్వ బడులలో ఫ్రెంచి, జర్మన్ చదివేవారు వేగంగా తగ్గిపోయారు. ఫీజులు దండిగా కట్టే బడులలో ఆ చదువు సాగింది. దానితో, దరఖాస్తుదార్లకు పదహారేళ్ల పరీక్షలో ఒక పరభాష ఉండాలని కేంబ్రిడ్జి పెట్టుకొన్న పాత నియమం పేద బడుల బిడ్డలకు అడ్డంకి అయింది. ఆ కారణం చెప్పే 2008లో దానిని తీసివేయడానికి నిర్ణయించారు. గడియ తీశారు, మంచిదే. కాని భాష మాత్రం మళ్లీ ధనికుల బడిలోనే మిగిలింది! లండనులోని యూనివర్సిటీ కాలేజి మరో దారి తొక్కింది: 2012 ప్రవేశాలనుంచి పరభాష కావాలన్నది, అయితే బడిలో చదవనివాడు లోపలికి వచ్చాక చదువుకోవచ్చునన్నది. గుమ్మం దగ్గర అడిగేదానిని లోపల నేర్పడం. నాకు యీ పద్ధతి నచ్చింది.

ఇక మా కౌలురైతు ప్రశ్న. ఆనాడు ఎంసెట్‌లో ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వాటా ఉండేది. ఆ వాటా గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలవంటి గ్రూపు సబ్జెక్టులకే. భాషల మార్కులు లెక్కలోకి రావు. తెలంగాణాలో ఆ వాటానే 2023లో ఎత్తివేశారు. 2013 నుంచి 2016 దాకా జాతీయస్థాయి జె.ఇ.ఇ. మెయిన్‌లో పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం బరువు యిచ్చినప్పుడు మాత్రం ఒక భాష మార్కులూ కలిశాయి. ఆ నాలుగేళ్లు విడిస్తే మా కుర్రవాడి వంటివాడికి, రాష్ట్ర ఇంజనీరింగు సీటు మట్టుకు, సంస్కృతం కలిపింది సున్న. మరి కళాశాల ఎందుకు బలవంతపెట్టింది? వెయ్యికి తొమ్మిదివందల ఎనభై వచ్చిన పిల్లవాడి ఫోటో పత్రికలో వేసుకోవాలి గదా! తెలుగులో పద్యానికి ప్రతిపదార్థం వ్రాసి నూటికి తొంభైతొమ్మిది తెచ్చుకోవడం కష్టం. సంస్కృతం పరీక్షలో చాలా జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో వ్రాయవచ్చు. భాష చదవకుండానే భాషలో మార్కులు. లిటిల్ గో అనువాదాల కథే యిది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో చాలాచోట్ల సంస్కృతం చెప్పే పంతులు పోస్టే లేదు గనుక, యీ సులువు కూడా ఫీజు కట్టినవారికే దక్కుతున్నది.

2012లో ఆ కుర్రవాడు మార్కుల పట్టీ తెచ్చి చూపాడు. సంస్కృతంలో మొదటి యేడు 98, రెండో యేడు 99. ఎంసెట్ రాంకు నలభైవేలు దాటింది. "యీ తొంభైతొమ్మిది ఎక్కడన్నా పనికొస్తుందాండి మేష్టారూ?" అన్నాడు. రాదురా అబ్బాయీ, నేనే నీకు తప్పు చెప్పానన్నాను. అతడేమీ అనలేదు.

ఒక మామూలు కళాశాలలో ఇంజనీరింగు పూర్తిచేసి, రెండేళ్ల తరువాత హైదరాబాదునుంచి ఫోన్ చేశాడు. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావాటికి ఫీజు లేదని ఎవరో చెప్పారట. ఇంగ్లీషులో చెప్పే కోర్సులో చోటు దొరకలేదు. జర్మనులో చెప్పేదానికి భాషా ధ్రువపత్రం అడిగారు. అమీర్‌పేటలో గది తీసుకొని, పగలు ఉద్యోగం, సాయంత్రం జర్మన్ తరగతి. "బళ్లో ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదండి యిది కూడా ఒక భాషని" అన్నాడు. శిక్షణ రుసుముకు తండ్రి ఆ యేడు రెండో పంట మీద అప్పు తెచ్చాడు.