మెలి తిరగని కర్ర

మూరన్నర పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, అంగుళం మందం. మేస్త్రి ఆ పలకను మీ చేతిలో పెట్టి ఊరుకుంటాడు. మీరు బరువు చూస్తారు. వేలి కణుపుతో తడతారు, ఖంగుమంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూస్తారు, ఎందుకో మీకే తెలీదు. ఆయన పలకను వెనక్కి తీసుకుని, ఒక కన్ను మూసి, ఈ కొస నుంచి ఆ కొసకి అంచు వెంబడి చూపు సాగదీసి, పక్కకి పడేస్తాడు.

"గోడకి అలమర చెక్కగా పనికొస్తాది బాబూ. మీరు చెప్పిన మెడకి పనికిరాదు."

మీరు దాన్ని మళ్లీ ఎత్తి చూస్తారు. అవతలి కొసన ఎడమ మూల నూలుపోగంత పైకి లేచి ఉంది. పలక వంగలేదు. మెలి తిరిగింది.

జగదల్‌పూర్‌లో భాద్రపద మాసం. వాన ఇప్పుడే తెరిపి ఇచ్చింది, రేకుల అంచు నుంచి నీళ్లు ఇంకా ధార కడుతున్నాయి. షెడ్డు నిండా రంపపు పొట్టు తడిసి పులిసిన వాసన. విశాఖలో కిరండూల్ రైలెక్కి, అనంతగిరి సొరంగాలూ అరకూ కొరాపుటూ దాటి మీరిక్కడ దిగారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. మనుషుల్ని ఎక్కించుకోవడం దానికి తర్వాత అబ్బిన అలవాటు. మేస్త్రి వాళ్లది సాలూరు వైపు. తండ్రి అక్కడ లారీలకి చెక్క బాడీలు కట్టేవాడట, కర్ర కొనడానికి ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హల్బీ, కలప డిపోలో హిందీ. మీరు ఫోన్‌లో ఎలక్ట్రిక్ గిటార్ బొమ్మ చూపిస్తే ఆయన దాని బాడీ వైపు చూడనే లేదు. సన్నగా సాగిన నెక్ మీద వేలు పెట్టి, "కష్టమంతా ఇదే పడతాది కదా" అన్నాడు.

నిజమే. ఆరు తీగలూ శ్రుతికి బిగించాక అన్నీ కలిసి దాదాపు 45 కిలోల బలంతో ఆ మెడను లాగుతూ ఉంటాయి. వాయించినా, మూల నిలబెట్టినా లాగుడు మాత్రం ఆగదు. చేతిలో ఇమడాలి కనుక మెడ మందం రెండున్నర సెంటీమీటర్లు దాటడానికి లేదు. ఆ మందంలో ఏ కర్రయినా ఎంతో కొంత వంగి తీరుతుంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ మెడ లోపల ఉక్కు కడ్డీ దూర్చి, కొసన మర తిప్పితే వంపు సర్దుకునే ఏర్పాటుకి 1923లో పేటెంట్ పొందాడు. ట్రస్ రాడ్ అంటారు దాన్ని. అది లేని ఎలక్ట్రిక్ గిటార్ ఇప్పుడు అరుదు. అయితే ఆ కడ్డీ తీయగలిగేది వంపునే. మెడ మెలి తిరిగి, లావు తీగ వైపు ఒక ఎత్తూ సన్న తీగ వైపు ఇంకో ఎత్తూ అయితే, మామూలు కడ్డీ దాన్ని దారికి తేలేదు. తీగ మెట్లకి తగిలి జరజరమంటూనే ఉంటుంది. మెడకి కర్ర ఎంచడమంటే నా లెక్కలో మొదట ఈ ఒక్క గుణం వెతకడమే. రంగూ చారల అందమూ ఆ తర్వాత. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కదలికను పట్టేది దాని కింద ఉన్న అయస్కాంతం. అలాంటప్పుడు మెడ కర్ర పేరు చెప్పి స్వరంలో తేనె ఉంది, పాలు ఉన్నాయి అనేవాళ్ల మాట నేను సగమే నమ్ముతాను.

మేపుల్, మహాగని అని ప్రపంచమంతా జపించడానికి కారణం కూడా అంత గొప్పదేం కాదు. అమెరికా కలప అడితీల్లో అవి దొరికేవి. ఫెండర్ 1950లో కాలిఫోర్నియాలో మేపుల్ మెడలు చెక్కింది, గిబ్సన్ మహాగని పట్టింది, మిగతావాళ్లు వాళ్ల వెనక నడిచారు. ఆస్ట్రేలియాలో బిల్ మే 1946లో మొదలుపెట్టిన మేటన్ కంపెనీ మాత్రం తమ గడ్డ మీది క్వీన్స్‌లాండ్ మేపుల్‌నీ బ్లాక్‌వుడ్‌నీ నమ్ముకుని పేరు తెచ్చుకుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చి మన చేలల్లో పాతుకుపోయిన చెట్టు నీలగిరి. భద్రాచలం దగ్గర కాగితం మిల్లు కోసం ఎకరాలకి ఎకరాలు వేస్తారు. దాన్ని ఎందుకు వాడకూడదని మీరు అడిగితే, మేస్త్రి మూలనున్న దుంగను కాలితో దొర్లిస్తాడు. కోసిన ముఖం మీద నడిమి నుంచి అన్ని వైపులా పగుళ్లు. నిలబడి పెరిగేటప్పుడే లోపల బిగువు పట్టుకుని ఉంటుంది, రంపం పడగానే ఆ బిగువు విడిపోతుంది. వేగంగా పెరిగిన చెట్టుకైతే ఆ రోగం మరీ ఎక్కువ.

"మరి గుగ్గిలం?" అంటారు మీరు. ఇక్కడ సాల్ అంటారు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం అదే. ఉత్తరం నుంచి కమ్ముకొచ్చిన సాల్ అడవి ఈ బస్తర్‌లోనే పలచబడి, కాంగేర్ లోయలో టేకుతో కలగలిసి, ఆపైన టేకుకి చోటు వదిలేస్తుంది. 1970ల్లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఈ అడవి కొట్టి కరీబియన్ పైన్ నాటాలని పథకం వేశారు. ఆదివాసులు ఎదురు తిరిగాక మానుకున్నారు. మేస్త్రి ఓ సాల్ ముక్క మీద చిత్రిక పడతాడు. రెండు తోపుల దాకా నున్నగా పోయి, మూడోదానికి పెచ్చు లేస్తుంది. ఒక పొరలో నార ఇటు వాలితే పై పొరలో అటు వాలుతుంది. బరువా, ఘనమీటరుకి 850 కిలోల దాకా తూగుతుంది.

పొద్దున ఊళ్లో సిరహసార్ భవనం దగ్గర మీరు ఆగి చూసింది ఈ కర్రనే. డెబ్బై అయిదు రోజుల బస్తర్ దసరాకి ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ గ్రామాలవాళ్లు తరతరాలుగా రథం కడుతున్నారు. సాల్ దూలాల పక్కన తిన్సా కర్రలు పడి ఉన్నాయి. బాడిస దెబ్బకి లేచిన పేళ్లు తడి నేల మీద ఎర్రగా పరుచుకుని ఉన్నాయి.

"రథాన్ని వందలమంది లాగుతారు, దానికి మొండిది కావాల. మీదానికి బుద్ధిమంతురాలు కావాల," అంటాడు మేస్త్రి.

టేకు గురించి ఎక్కువ మాట్లాడడు. కదలని కర్రే, కానీ దాన్లో ఉండే నూనెకి జిగురు సరిగా పట్టదు, ఇసుక గుణం ఉలి పదును తినేస్తుంది, పైగా ధర. అది పక్కన పెడితే మిగిలినవి వేగిస, గుమ్మడిటేకు.

వేగిసని ఇక్కడ బీజా అంటారు. మేస్త్రి గ్లాసు నీళ్లలో దాని చెక్కపేళ్లు నాలుగు వేసి అరుగు మీద పెడతాడు. టీ తాగి వచ్చేసరికి నీళ్లు బంగారు రంగుకి తిరిగాయి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అంచున నీలం మెరుస్తోంది. షుగరు ఉన్నవాళ్లు ఈ కర్రతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగుతారు. బజారులో ఆ గ్లాసులు అమ్ముతారు కూడా. డోలు బుర్రలు తొలవడానికీ ఈ కర్ర వాడతారు. గట్టిది, లాగుడుకి తట్టుకుంటుంది. ఒకటే మెడంతా దీంతో చెక్కితే మాత్రం బరువు మెడ వైపే తూగి, వాయించేవాడి ఎడమ చెయ్యి దాన్ని మోస్తూ ఉండాలి. చెమటకి రంగు దిగదా అని మీరు అడిగితే ఆయన నవ్వుతాడు. "పాలిష్ కొట్టరేటండీ?"

గుమ్మడిటేకు చేతిలోకి వచ్చినప్పుడు మొదట మీకు నిరాశే. లేత గడ్డి రంగు, చారలు కనీకనపడవు, ఎత్తితే తేలిక. ఘనమీటరుకి 450 కిలోల దగ్గర, అంటే సాల్‌లో సగం కొంచెం మించి. చూడగానే ప్యాకింగ్ పెట్టె చెక్క అనుకుంటారు. మేస్త్రి రెండు పలకలు తెచ్చి ముఖాముఖి ఆనించి వెలుతురుకి పట్టుకుంటాడు. మధ్య నుంచి వెలుగు రాదు. ఎప్పుడు కోశారని అడుగుతారు. నాలుగు వానాకాలాలు ఈ అటక మీదే గడిచాయట. వేసవిలో ఈ రేకుల కింద ఎండ కాల్చేస్తుంది, ఆషాఢం నుంచి గాలే తడి గుడ్డ. ఆ రెండింటి మధ్య ఇన్నిసార్లు ఉబ్బి, ఇన్నిసార్లు ముడుచుకుని, పలక తన మట్టం వదల్లేదు. తడికీ పొడికీ తక్కువగా కదలడం ఈ జాతి స్వభావం. డోలుకీ, పల్లకీ పలకకీ, బొమ్మకీ దీన్ని ఎంచుకునేది అందుకే. ఇక్కడివాళ్లు దీన్ని ఖమ్హార్ అనీ సివన్ అనీ పిలుస్తారు.

"మెత్తన కదా మేస్త్రీ, 45 కిలోలు ఆపుతుందా?"

ఆయన జవాబు చెప్పకుండా సుద్దముక్కతో నేల మీద గీస్తాడు. గుమ్మడిటేకు, వేగిస, గుమ్మడిటేకు. మూడు పట్టీలు నిలువుగా అతికించి, నడిమిదాన్ని తలకిందులుగా తిప్పి పెట్టాలి. అప్పుడు ఒకటి ఇటు తిరగబోతే రెండోది అటు లాగుతుంది. గిటార్లు చేసేవాళ్లు మూడు ముక్కల మెడ అని చెప్పేది ఇదే. సాలూరు లారీ బాడీ పట్టీల్లో తండ్రి చేసింది కూడా ఇదేనంటాడు మేస్త్రి. ఇంకో సంగతి, పలక దుంగలో ఏ వైపు నుంచి వచ్చిందన్నది. కొస తిప్పి చూపిస్తాడు. ఏటి వలయాల గీతలు పలక ముఖానికి నిలువుగా నిలబడి ఉన్నాయి. దుంగను నిలువునా వరసగా చెక్కలు చెక్కలుగా కోస్తూ పోతే అలాంటివి నడిమిలో కొన్నే వస్తాయి, మిగతావాటిలో గీతలు పడుకుని ఉంటాయి, పడుకున్న గీతల పలక ఎండేకొద్దీ దొప్పలా ముడుచుకుంటుంది. చెట్టు పేరు కంటే ఈ గీతల నిలువే నాకు ముఖ్యంగా తోస్తుంది. పడుకున్న గీతల మేపుల్ కంటే నిలబడ్డ గీతల గుమ్మడిటేకు నయం.

మెడ పైన, వేళ్లు ఆనే పట్టీ మిగిలింది. ఫింగర్‌బోర్డు. అక్కడికి గట్టిది, నల్లటిది కావాలి. చాలాకాలం అది రోజ్‌వుడ్. 2017 జనవరిలో డాల్బర్జియా జాతులన్నీ అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షల జాబితాకి ఎక్కాయి, గిటార్ల పెట్టె దేశం దాటాలంటే కాగితాలు కావాల్సి వచ్చింది. 2019లో తయారైన వాద్యాలకి సడలించారు గానీ, ఆలోపే కంపెనీలు వేరే కర్రలు వెతుక్కున్నాయి. స్క్వయర్ లాంటి చవక గిటార్ల మీద ఇండియన్ లారెల్ అని కనిపించేది మన నల్లమద్ది. పాపికొండల్లో 2024లో అటవీ సిబ్బంది బెరడు మీద గాటు పెడితే నీళ్లు చిమ్మిన చెట్టు, కొండరెడ్లకి ఎప్పటి నుంచో తెలిసిన చెట్టు. మొసలి వీపులా పలకలు తేలిన బెరడు. బస్తర్‌లో దాని పేరు సాజా.

మీరు సాజా అనగానే మేస్త్రి రంపం కింద పెడతాడు. గోండుల బడాదేవ్ ఉండేది సాజా చెట్టులో. పలక మీద దేవుడి పేరేం రాసి ఉండదు, అయినా ఊళ్లోంచి వచ్చిన సాజా ఆయన కొనడు. డిపో వేలంలో, సుత్తి ముద్ర పడి, చిట్టా ఉన్న దుంగ అయితేనే తీసుకుంటాడు. ఇందులో భక్తి ఎంతో, భయం ఎంతో చెప్పలేం. 1990ల్లో మాలిక్ మక్బూజా పేరున ఆదివాసుల పట్టా భూముల్లోని చెట్లను కారుచవకగా రాయించుకుని కొట్టేశారు. విషయం లోకాయుక్త దాకా, సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ రోజుల్లో కర్ర కొన్నవాళ్లకి ఎవరి చెట్టు అని అడిగే అలవాటు లేదు. అటవీ రిజర్వులు ఒక కారణంగా 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచిన నేల ఇది. ఇక్కడ చెట్టు ఎప్పుడూ ఎవరో ఒకరిది.

పక్క సందులోంచి వెదురు గీసిన చప్పుడు వస్తుంది. కర్ కర్ కర్. ధనకుల్ వాయిస్తూ తీజా జగార్ పాడుతున్నారు. ధనకుల్ అంటే కుండ మీద చేట, చేట మీద విల్లు, విల్లు మీద గాట్లు. గురుమాయి గాట్ల మీద వెదురు పుల్ల రాస్తూ రాత్రంతా కథ పాడుతుంది. బస్తర్ బ్యాండ్‌తో ఇక్కడి వాద్యాలన్నింటినీ ఒక వేదిక ఎక్కించిన అనూప్ రంజన్ పాండేకి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. మీరు విల్లు వైపు చూస్తారు. అక్కడా బిగించిన తాడే, దాని కింద కర్రే. ఆ కర్ర మాత్రం వంగాలి, వంగితేనే అది విల్లు.

షెడ్డులోకి తిరిగొచ్చేసరికి మేస్త్రి పట్టీలు కోసేశాడు. గుమ్మడిటేకు రెండు, వేగిస ఒకటి, డిపో సాజా పట్టీ ఒకటి. ఇప్పుడే అతికించొద్దంటాడు. విశాఖ గాలిలో ఉప్పూ తేమా ఉంటాయి, మీ గదిలో ఏసీ ఉంటే అది ఇంకో రకం. పట్టీలు కొన్ని నెలలు మీ ఇంట్లో విడివిడిగా, మధ్యన పుల్లలు పెట్టి ఆరాలి. ఏది తిరుగుతుందో అప్పుడు తెలుస్తుంది, తిరిగినదాన్ని వెనక్కి పంపితే మారుస్తానంటాడు. డబ్బు లెక్కపెట్టుకుని, బిల్లు మీద కర్రల పేర్లు హిందీలో రాసి, దాన్ని రైల్లో పైకి కనపడేలా పెట్టుకోమంటాడు.

సాజా పట్టీ నుంచి మిగిలిన జానెడు ముక్కను కూడా కాగితంలో చుట్టి ఇస్తాడు. మెట్లు దిగ్గొట్టే గాడి దాదాపు అర మిల్లీమీటరు వెడల్పే ఉండాలి, ఈ కర్ర అంచు పెళుసు, రంపం కాస్త వాలిందంటే పెచ్చు ఎగిరిపోతుంది.

"ముందు దీని మీద కోసి చూడండి," అంటాడు. "పది గాడులు పాడైనాక పదకొండోది కుదురుతాది."