తోడు పెండ్లికొడుకు

పాలమూరు నేలమీది ఖిల్లా ఘణపురం పేరులోనే రెండు భాషలు కలిశాయి. ‘ఖిల్లా’ అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చింది. ‘ఘణపురం’ అంతకు ముందుదే. ఊరి పేరులో ఇట్లా సులువుగా ఒదిగిన భాషలు పెండ్లి పందిట్లో మాత్రం అంత తేలిగ్గా కలవలేదు.

పాలమూరు లగ్గాల్లో పిలగాని పక్కన తమ్ముడో మేనల్లుడో అదే తీరున ముస్తాబై కూచుంటాడు. వాడే తోడు పెండ్లికొడుకు. అత్తగారివాళ్లు వాడికీ బట్టలు పెడతారు. ఉర్దూలో ఇలాంటి పిల్లవాణ్ణే ‘షాబాలా’ అంటారు. నిజాం ఏలుబడిలో ‘బరాత్’ మన నోట స్థిరపడింది గాని, షాబాలా నిలవలేదు. ఆ పీటకు మన మాట అప్పటికే ఉంది.

ఇక బైబిలు సంగతి. 1812లో శ్రీరాంపూర్‌లో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. పెండ్లికొడుకు చెలికాండ్రను గ్రీకు మూలం ‘పెండ్లిగది కుమారులు’ అంటుంది. వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో వాళ్లు ‘పెండ్లియింటి బాలురు’ అయ్యారు. కానా ఊరి పెండ్లి విందును నడిపేవాడు ‘విందు ప్రధాని’ అయ్యాడు. ఆ మాటలు గ్రంథంలోనే ఉండిపోయాయి, పందిట్లోకి రాలేదు.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మెనోనైట్ బ్రెదరెన్ మిషనరీలు నాగర్‌కర్నూలు, వనపర్తిలో స్థిరపడ్డారు. మిషనరీలు తెచ్చిన చర్చి పెండ్లిలోని బెస్ట్‌మాన్‌కు తెలుగులో దగ్గరి మాట తోడు పెండ్లికొడుకే. అయితే బెస్ట్‌మాన్ ఉంగరం దాచిపెట్టే ఈడైన స్నేహితుడు. తోడు పెండ్లికొడుకు అనగానే తెలుగువాడి కళ్లముందు మెదిలేది పదేండ్ల పిల్లవాడు. మన పెండ్లిలో బరువు బాధ్యతలు స్నేహితుడివి కావు, చుట్టాలవి. పెండ్లిపిల్లను గంపలో తెచ్చేది మేనమామ. గడపలో అడ్డం నిలిచి పేర్లు చెప్పించేది ఆడబిడ్డ.

జపాన్‌ది మరో దారి. అక్కడి సంప్రదాయంలో వధూవరుల పక్కన కూచునేది ‘నకోదో’, అంటే సంబంధం కుదిర్చిన పెద్ద, భార్యతో సహా. బెస్ట్‌మాన్‌కు ఆ పేరు పెడితే పెండ్లికొడుకు చెలికాడు పెద్దమనిషైపోతాడు. జపనీయులు పరాయి మాటలకు వాడే కతకన లిపిలో ‘బెసుతొమన్’ అని శబ్దాన్నే రాసుకుంటారు. ఇప్పుడు మన నగరాల్లోనూ ‘బ్రైడ్స్‌మెయిడ్’ అట్లాగే తెలుగు లిపిలో కనిపిస్తోంది.

పేరు ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. అనువాదం కుదిరిందా లేదా అన్నది బట్టలు పెట్టేవేళ తేలుతుంది: బెస్ట్‌మాన్ చేతులు కట్టుకుని నిలబడితే, పిల్లవాడు కొత్త చొక్కా కోసం చెయ్యి చాపుతాడు.