దినాసి బాట, పాల్మిరి అడవి

ఒలింపిక్ పతకములను లెక్కించువారు దేశముల పేరులు చదివి తృప్తిచెందుదురే గాని, ఆ పతకములు ఏ నేలపై పండినవో విచారింపరు. పోలండు దేశము గడించిన తొలి ఒలింపిక్ రజతమునకు మూలము వెదకగోరువాడు, అది 1924లో లభించిన ప్యారిస్ నగరమును విడిచి, అంతకు మూడు దశాబ్దములకు పూర్వపు వార్సాకు పోవలెను.

అచ్చట 1886లో సైక్లిస్టుల సంఘ మొకటి వెలసెను. అప్పటికి పోలండు అను రాజ్యము భూపటమున లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు దానిని పదునెనిమిదవ శతాబ్దాంతముననే పంచుకొనియుండెను. వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. స్వదేశీయులు నలుగురు కూడి మాటాడుకొనుటయే శంకాస్పదమైన ఆ కాలమున, సైకిలు నెపమున ఏర్పడిన యీ సంఘము కేవల వినోదమునకు మించిన గౌరవము నార్జించినదనుటలో ఆశ్చర్యము లేదు. తరువాతి కాలమున నోబెల్ బహుమానమందిన నవలాకారుడు షెన్కియేవిచ్ సైతము అందు సభ్యుడు. ఆ సంఘమువారు 1892లో, విస్తులా నదివైపు దిగు పల్లమున, దినాసి అనుచోట పందెపు బాటను నిర్మించిరి.

ఈ బాటకు పదేండ్లు నిండిన 1902లోనే, డిసెంబరు 27న, ఆ రజతము గెలిచిన నలుగురు సైక్లిస్టులలో ఒకడైన తొమాష్ స్తాన్కియేవిచ్ అదే నగరమున జన్మించెను. అతనితో ప్యారిస్‌కు పోయిన తక్కిన మువ్వురిలో యూజెఫ్ లాంగె (1897) కూడ వార్సావాడే. యాన్ వజార్స్కి (1892) క్రాకువ్‌లోను, ఫ్రాన్చిషెక్ షిమ్‌చిక్ (1892) నేడు ఉక్రెయిన్‌లోనున్న ల్వూఫ్‌లోను పుట్టిరి. మొదటి యిరువురు రష్యా చక్రవర్తికిని, కడపటి యిరువురు ఆస్ట్రియా చక్రవర్తికిని ప్రజలై పుట్టి, 1918లో దేశము మరల స్వతంత్రమైన పిమ్మట ఒకే చొక్కా తొడిగికొనిన సోదరులు వీరు. రాజ్యములు కాగితముపై ఏకమగుట యొకటి, నలుగురు మనుష్యులు ఒకే వేగమున కాళ్లాడించుట వేఱొకటి. ఈ రెండవది చాల కష్టమని నా యభిప్రాయము.

వారు పాల్గొనిన పోటీ యెట్టిదో తెలిసిననే యీ మాట బోధపడును. బృంద వేటపందెమున రెండు జట్లు బాటకు ఎదురెదురు దిక్కులనుండి బయలుదేరి ఒకదాని నొకటి తఱుమును. దూరము 4 కిలోమీటర్లు. వెన్సెన్‌లోని ప్యారిస్ బాట చుట్టుకొలత 500 మీటర్లగుటచే ఎనిమిది చుట్లు. ముందున్నవాడు గాలిని చీల్చుచు పోవును, వెనుకవారు అతని చాటున శక్తిని దాచుకొందురు; అతడలసినంతనే మలుపున పైకి తొలగి జట్టు తోకను చేరును, రెండవవాడు ఆ భారమును వహించును. మూడవవాని చక్రము గీత దాటిన క్షణమే జట్టు కాలముగా లెక్కకు వచ్చును గాన, ఒక్కని పరాక్రమ మిచ్చట నిరర్థకము. పైగా ఆ సైకిలుకు బ్రేకులుండవు, ఫ్రీవీలుండదు. చక్రము తిరుగుచున్నంత వఱకు కాళ్లును తిరుగవలసినదే.

1924 జులై 27న ఇటలీ స్వర్ణము, పోలండు రజతము, బెల్జియము కాంస్యము గెలిచినవి. ఆనాడే అశ్వారోహకుడు ఆదామ్ క్రులికియేవిచ్ కాంస్యము సాధించుటతో పోలండు పతకచరిత్ర ఒక్కదినముననే రెండు పుటలతో ఆరంభమయ్యెను.

స్తాన్కియేవిచ్ జీవితపు ఉత్తరభాగము మాత్రము హృదయవిదారకము. 1939లో జర్మనీ దండెత్తి వచ్చి, పిదప పోలిష్ విద్యావంతులను, నాయకులను, ప్రసిద్ధులను ఏఱి చంపుటను పద్ధతిగా నెఱపెను. వార్సాకు వాయవ్యమున పాల్మిరి యను అడవి కలదు. 1940 జూన్ 20, 21 తేదీలలో అచ్చట కాల్చివేయబడిన వందలాదిమందిలో 1932 నాటి లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ పరుగుపందెపు విజేత యానుష్ కుసోచిన్‌స్కి ఒకడు, స్తాన్కియేవిచ్ మఱియొకడు. అప్పటికతనికి ముప్పదియెనిమిదేండ్లు నిండలేదు. వజార్స్కి 1968 వఱకును, లాంగె 1972 వఱకును, షిమ్‌చిక్ 1976 వఱకును జీవించిరి.

హైదరాబాదులోని బాలానగర్‌లో కూర్చుండి ఈ కథ వ్రాయుచున్న నాకు తోచునదేమనగా, మనకు సైకిలు కొఱత యెన్నడును లేదు. 1960లలో మందులు చేయు ఐడీపీఎల్, విమానరంగపు హెచ్‌ఏఎల్ కర్మాగారములును, 1968లో కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థయు ఇచ్చట వెలసిన పిదప, పనివారికి సైకిలే వాహనమయ్యెను. కొఱతయైనది బాట. భారత సైక్లిస్టులు ఒలింపిక్ పోటీలలో తొలిసారి దిగినది 1948లో. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున వెలోడ్రోమ్ (సైకిలు పందెపు బాట) నిర్మింపబడినది 2002 నాటి జాతీయ క్రీడల కొఱకు. దినాసి కంటె నూటపదేండ్లు వెనుక! ఐటీ కారిడారు ప్రక్కన వలయరహదారి వెంబడి, సౌరఫలకముల నీడన, 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో తెఱవబడినది; అది సంతోషమే గాని, విహారమునకు పనికివచ్చు దారి వేఱు, ఒరగిన మలుపులతో పందెగాని పెంచు వలయము వేఱు.

గేరులు, బ్రేకులు లేని పందెపు సైకిలుకు కావలసినది నిక్కమైన హబ్బు, క్రాంకు, చెయిను మాత్రమే. అంతరిక్ష యంత్రముల భాగములను సైతము మలచగల బాలానగర్ లేతు షెడ్ల యజమానులారా, ఇట్టి సైకిళ్లు నాలుగు చేయించి, మీ పనివారి పిల్లలు నలుగురిని ఉస్మానియా వెలోడ్రోమ్‌కు పంపుడు.