జట్టును నడిపేవాడు: 1927 ఖరగ్‌పూర్ సమ్మెలు, వి.వి. గిరి

"సమర్థ నాయకుడి లక్షణాలు" అని ప్రశ్న కనపడగానే మనలో చాలామంది దూరదృష్టి, నిజాయితీ, సానుభూతి, నిర్ణయ సామర్థ్యం అని నాలుగు ముక్కలు రాసి, కింద గాంధీ, కలాం పేర్లు పెట్టి వచ్చేస్తాం. దిద్దేవాళ్ళు ఆ రోజు ఆ నాలుగు ముక్కలు ఎన్నిసార్లు చదివి ఉంటారో ఆలోచించండి. దానికి బదులు ఒక్క మనిషిని తీసుకుని, జట్టు కష్టంలో ఉన్నప్పుడు ఆయన ఏం చేశాడో చూపిస్తే జవాబు నిలబడుతుంది. నేనుండేది ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో కాబట్టి నాకు అందుబాటులో ఉన్న ఉదాహరణ వరాహగిరి వెంకటగిరి. మన పుస్తకాల్లో ఆయన ఎక్కువగా 1969 రాష్ట్రపతి ఎన్నిక దగ్గరే కనిపిస్తాడు. ఇక్కడ చూడాల్సింది అంతకు నలభై ఏళ్ళ ముందటి యూనియన్ గిరిని.

ముందు ఊరి సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. హౌరా, నాగ్‌పూర్, వాల్తేరు వైపు లైన్లన్నీ దానివే. దాని పెద్ద వర్క్‌షాపులు ఖరగ్‌పూర్‌లో ఉన్నాయి. వాల్తేరు లైను పుణ్యమా అని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని కోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. ఇప్పటికీ గోల్‌బజార్‌లో తెలుగులో బేరమాడొచ్చు. వాళ్ళ పక్కనే బెంగాలీలు, ఒరియావాళ్ళు, హిందీ మాట్లాడేవాళ్ళు. పై ఉద్యోగాలు యూరోపియన్లవి, వాళ్ళ కింద ఆంగ్లో ఇండియన్లవి. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకు ఇది తెలిసిన బొమ్మే: పనులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, చేసే మనుషులు మాత్రం విడివిడిగా ఉంటారు. అలాంటిచోట సమ్మెను విరగ్గొట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఒక షాపువాళ్ళనో, ఒక భాషవాళ్ళనో లోపలికి రప్పిస్తే చాలు.

గిరి 1894లో బరంపురంలో పుట్టాడు. లా చదవడానికి డబ్లిన్ వెళ్ళి, అక్కడి స్వాతంత్ర్య ఉద్యమంతో సంబంధాలు పెట్టుకుని, 1916లో ఐర్లాండ్ వదలాల్సి వచ్చింది. తిరిగొచ్చాక వకీలు వృత్తి, కాంగ్రెస్, ఆ తర్వాత రైల్వే కార్మికులు. 1920లలో ఈ కంపెనీ కార్మికుల యూనియన్‌ను నడిపాడు. ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ వ్యవస్థాపకుల్లో ఒకడు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడు.

గమనించండి, ఈయన ఏనాడూ సుత్తి పట్టిన కార్మికుడు కాదు, బయటివాడు. ఇది లోపమా, బలమా? 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం 22వ సెక్షన్ అప్పటి రూపంలో తీసి చూడండి. యూనియన్ ఆఫీస్ బేరర్లలో కనీసం సగం మంది ఆ పరిశ్రమలో పనిచేసేవాళ్ళే ఉండాలని అప్పట్లో అది చెప్పింది. అంటే అప్పట్లో మిగతా సగం బయటివాళ్ళు ఉండే వీలుండేదన్నమాట. కారణం తేలికే. లోపలివాడు నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, బయటివాడిని కంపెనీ డిస్మిస్ చేయలేదు. కానీ ఇందులో ఒక చిక్కుంది. సమ్మె సాగితే కార్మికుడి జీతం ఆగుతుంది, వకీలుగారి జీతం ఆగదు. కాబట్టి "ఇంకా సాగిద్దాం" అని బయటి నాయకుడు అన్నప్పుడు, ఆ మాట ఖరీదు చెల్లించేది వేరేవాళ్ళు. నాయకత్వం గురించి రాసేటప్పుడు మనం ఈ లెక్క వదిలేస్తాం. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

ఆ పరీక్ష 1927లో రెండుసార్లు వచ్చింది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె మార్చి దాకా నడిచింది, మధ్యలో కాల్పులు జరిగాయి. సెప్టెంబర్‌లో రెండోది. వర్క్‌షాపుల్లో పెద్ద ఎత్తున మనుషుల్ని తీసేస్తామని కంపెనీ చెప్పడంతో మొదలై డిసెంబర్ దాకా సాగింది. గైడ్లలో "1928 బి.ఎన్.ఆర్. సమ్మె" అని ఉంటే ఒకసారి ఆగండి, ఖరగ్‌పూర్‌ను కుదిపిన ఈ రెండూ 1927వే.

మూడు నెలలంటే రాయడానికి రెండు మాటలు. రైల్వే కాలనీలో బతికేవాడికి క్వార్టరు కంపెనీదే, ఆసుపత్రీ కంపెనీదే. జీతం ఆగిందంటే ఇల్లు కూడా ఊగుతుంది. అందులోనూ రెండో సమ్మె స్వభావం వేరు. జీతం పెంచమని చేసే సమ్మెలో ఫలితం అందరికీ వస్తుంది. ఇక్కడ ఉద్యోగం పోయేది కొందరికి, పనిమానేది వేలమంది. తన పేరు లిస్టులో లేనివాడు, లిస్టులో ఉన్నవాడి కోసం వారం కాదు, నెలలు పస్తులుండాలి. వాళ్ళను అలా నిలబెట్టడం ఉపన్యాసంతో అయ్యే పని కాదు. యూనియన్‌లో సగం కుర్చీలు లోపలివాళ్ళవి కాబట్టే, షాపు షాపుకీ, భాష భాషకీ మాట మోసే మనుషులుంటేనే అయ్యేది. ఇది గిరి ఒక్కడి ఘనత అని రాయకండి.

ఫలితం మీద చరిత్రకారులు ఒకే మాట చెప్పరు. గిరి జీవితం రాసినవాళ్ళు దీన్ని అహింసతో సాధించిన విజయంగా చూపిస్తారు. వామపక్షం వైపు నుంచి రాసినవాళ్ళకు గిరి మరీ మెతక, రాజీ మనిషి. ఈ తగువు 1929 నాగ్‌పూర్ ఏఐటీయూసీ మహాసభలో బయటపడింది. నెహ్రూ అధ్యక్షుడు. రాయల్ లేబర్ కమిషన్‌ను బహిష్కరించాలని మెజారిటీ అంది. సహకరించాలన్న ఎన్.ఎం. జోషి, గిరి తదితరులు బయటికొచ్చి ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషన్ పెట్టుకున్నారు. అది మళ్ళీ ఏఐటీయూసీలో కలవడానికి పదేళ్ళు పట్టింది. ఇన్ని భాషలవాళ్ళను ఒక్క సమ్మెలో కలిపి ఉంచిన మనిషి తోటి నాయకులతో మాత్రం కలిసి ఉండలేకపోయాడు. దీన్ని దాచకుండా రాయండి. కమిషన్ నివేదిక తర్వాత 1936లో వేతన చెల్లింపు చట్టం వచ్చిందని కూడా పక్కనే రాయండి.

స్వాతంత్ర్యం వచ్చాక గిరి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. తగాదాలను ట్రిబ్యునళ్ళకు వదిలేయకుండా యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నాడు. పారిశ్రామిక సంబంధాల పాఠంలో "గిరి అప్రోచ్" అనేది ఇదే. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చేసినప్పుడు రాజీనామా చేశాడు. ఈసారి మూల్యం చెల్లించింది తానే.

1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. పిలుపునిచ్చిన జార్జి ఫెర్నాండెజ్, గిరి చేయివేసి నిలబెట్టిన అదే ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కు అధ్యక్షుడు. ఇందిరా గాంధీ ప్రభుత్వం సమ్మెను చట్టవిరుద్ధమని ప్రకటించి వేలమందిని జైళ్ళలో పెట్టింది. మే 27కల్లా సమ్మె ముగిసింది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 74వ అధికరణంలో స్పష్టంగా చేర్చిన 42వ సవరణ ఇంకా రాలేదు, అది 1976లో వచ్చింది. అయితే అదే మాటను ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం షంషేర్ సింగ్ కేసులో 1974 ఆగస్టు 23న చెప్పింది. గిరి పదవీకాలం ముగిసింది ఆ మర్నాడే.